గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను

కన్సెషన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే కాలేజీ రోజుల్లో బస్ పాసు గుర్తొస్తుంది. టిక్కెట్టు మీద తగ్గింపు అన్నమాట! అందుకే 2024 మార్చిలో మావాడి బేస్‌బాల్ లీగ్ నుంచి "మీకు కన్సెషన్ స్టాండులో మూడు డ్యూటీలు వేశాం" అని కబురొచ్చినప్పుడు, ఫీజులో ఏదో తగ్గిస్తున్నారు కాబోలనుకుని సంబరపడ్డాను. మా వారు పడీ పడీ నవ్వి, "తగ్గింపు కాదు మహాతల్లీ, అది తినుబండారాల కొట్టు. నువ్వు వెళ్ళి అమ్మాలి" అన్నారు.

నేనా? అమ్మడమా? నా గుండె గుభేలుమంది.

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీలో. 2013లో వచ్చాం. మావాడికి అప్పుడు పదేళ్ళు. వాడి స్నేహితులందరూ బేస్‌బాల్ ఆడుతుంటే వీడూ చేరతానన్నాడు. ఆ ఆట గురించి నాకు తెలిసింది ఇంతే... మన కర్రాబిళ్ళకీ క్రికెట్‌కీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు గుండ్రటి కర్రతో కొడతాడు. కొట్టి నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. మా వాడిని కుడి పక్క చివర నిలబెట్టేవారు. ఆ వయసు పిల్లల ఆటలో అటు బంతి రావడం అరుదు. పాపం, వాడు గంటల తరబడి గడ్డి పీక్కుంటూ నిలబడేవాడు.

పిల్లల బేస్‌బాల్‌కి ఇక్కడ పెద్ద పేరున్నది లిటిల్ లీగ్. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో కార్ల్ స్టోట్జ్ అనే ఆయన మూడు జట్లతో మొదలుపెట్టారట. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. ఇలాంటి లీగులు ఊరూరా ఉంటాయి. వాటిని నడిపేది ఎవరనుకున్నారు? జీతగాళ్ళు కాదు, ఆ పిల్లల అమ్మానాన్నలే! కోచ్ ఒకడి నాన్న. స్కోరు రాసేది ఇంకొకడి అమ్మ. మైదానంలో సున్నపు గీతలు వేసేది మరొకడి తాతయ్య. బంతులు కొనాలన్నా, గడ్డి కోయించాలన్నా, అంపైర్లకు ఇవ్వాలన్నా డబ్బు కావాలి కదా! పిల్లల ఫీజు చాలదు. ఆ లోటు పూడ్చేది మైదానం పక్కనుండే చిన్న కొట్టు. అదే కన్సెషన్ స్టాండ్. అక్కడ నిలబడి అమ్మే వాళ్ళు కూడా అమ్మానాన్నలే, వంతులవారీగా.

మరి ఎవరైనా ఎగ్గొడితే? దానికీ మందు కనిపెట్టారు మా లీగ్ వాళ్ళు. సీజను మొదట్లోనే ఒక్కో ఇంటి దగ్గరా 150 డాలర్లకు చెక్కు రాయించుకుని దగ్గర పెట్టుకుంటారు. మూడు డ్యూటీలు చేస్తే చెక్కు తిరిగిస్తారు. చెయ్యకపోతే బ్యాంకులో వేసుకుంటారు. నిజం చెప్పొద్దూ, నేను వెళ్ళింది సేవాభావంతో కాదు. ఆ చెక్కు కోసం! మా వారికి శనివారాలు ఆఫీసు ఫోన్లు తెగవు. ఇంక నేనే గతి.

గుండె గుభేలుమనడానికి వేరే కారణం ఉంది. అది చెప్పాలంటే మిమ్మల్ని ఒకసారి తెనాలి తీసుకెళ్ళాలి.

నేను పుట్టింది కిరాణా కొట్టు ఇంట్లో. ముందు వసారాలో కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. స్కూలు నుంచి రాగానే ఆ తెర వెనక కూర్చుని పాత పేపర్లతో పొట్లాలకు కాగితాలు చింపేదాన్ని. పప్పులు బాగుచేసేదాన్ని. పురికొస ఉండలు చుట్టేదాన్ని. కానీ తెర దాటి అటు వెళ్ళకూడదు. గల్లాపెట్టె దగ్గర నాన్న కూర్చునేవారు. నాన్న భోజనానికి లేస్తే అన్నయ్య కూర్చునేవాడు. అన్నయ్యకి లెక్కలంటే దడ. వాడు తడబడుతుంటే తెర వెనక నుంచి నేను మెల్లగా అందించేదాన్ని, "పదమూడున్నర... ఆరున్నర తిరిగివ్వు" అని.

ఒకసారి, ఎనిమిదో తరగతిలో ఉన్నాను. అన్నయ్యకి జ్వరం. నాన్న స్నానానికి వెళ్ళారు. ఎవరో ఉప్పుకొచ్చారు. నేను తెర తీసుకుని వెళ్ళి గల్లాపెట్టె ముందు కూర్చుని అమ్మాను. చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. నాన్న తడి తలతో వచ్చి చూశారు. అరవలేదు, కొట్టలేదు. "లోపలికి వెళ్ళమ్మా. ఆడపిల్ల కొట్లో కూర్చుంటే నలుగురూ నవ్వుతారు" అన్నారు. అంతే. మళ్ళీ నేను తెర దాటలేదు. తర్వాత బి.కాం. చదివాను. పెళ్ళయింది. పద్దులూ లెక్కలూ అన్నీ పుస్తకాల్లోనే మిగిలిపోయాయి.

ఇప్పుడు అర్థమైందా నా దడ ఎందుకో?

ఏప్రిల్‌లో మొదటి డ్యూటీ. శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి. ఎంత చలనుకున్నారు! స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని వెళ్ళాను. కొట్టంటే ఏమీ లేదు, మన పాన్‌షాపుకి కాస్త పెద్దన్న. ముందు ఒక కిటికీ, లోపల ఒక ఫ్రిజ్, కాఫీ యంత్రం, పాప్‌కార్న్ యంత్రం, హాట్‌డాగులు దొర్లుతూ వేగే రోలర్లు. గోడకి ఒక కాగితం అంటించి ఉంది. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. వేడి పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకూడదు, చల్లనిది 41 దాటకూడదు. డబ్బు ముట్టుకున్న చేత్తో తిండి ముట్టుకోకూడదు. ఇది చదవగానే మా నాయనమ్మ మడి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇంట్లో వండినవి తెచ్చి అమ్మకూడదని కూడా రాసుంది. తర్వాత ఎంతమంది మనవాళ్ళు అడిగారో... "సమోసాలు పెట్టొచ్చుగా?" అని. కుదరదండీ! ఆరోగ్యశాఖ వాళ్ళు ఊరుకోరు.

నాకు తోడుగా వచ్చినావిడకి డెబ్బై దగ్గరుంటాయి. ఆవిడ పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళయిపోయారు, మనవలూ పెద్దవాళ్ళయ్యారు. అయినా ప్రతి ఏడూ వస్తుందట. నేను మెల్లగా అడిగాను, "మా ఇంట్లో గుడ్డు కూడా వండం. ఆ హాట్‌డాగులు గొడ్డు మాంసంవి. నేను ముట్టుకోలేను, ఏమీ అనుకోరు కదా?" అని. ఏమనుకుంటుందోనని భయపడ్డాను. ఆవిడ తేలిగ్గా, "అయితే రోలర్లు నావి, కిటికీ నీది" అంది. అంత తేలిగ్గా తేలిపోతుందనుకోలేదు. కానీ కిటికీ అంటే గల్లాపెట్టె! పొయ్యి తప్పించుకుని వెళ్ళి గల్లాపెట్టె ముందు పడ్డాను చూశారా!

లెక్క కట్టడానికి ఒక ట్యాబ్లెట్ ఉంది. బొమ్మలు నొక్కితే అదే కూడుతుంది. కార్డు గీకితే నా పనే లేదు. చిక్కంతా పిల్లలతోనే వచ్చింది. పిల్లలు కార్డులు తేరు కదా! గుప్పిట్లో నలిగిన నోట్లు, చెమట పట్టిన చిల్లర తెస్తారు. నేనేమో పదకొండేళ్ళుగా కార్డు గీకడమే తప్ప ఇక్కడి చిల్లర నాణేలను సరిగ్గా చూసిందే లేదు.

ఇక్కడి చిల్లరలో ఒక మాయ ఉంది. పావు డాలరుని క్వార్టర్ అంటారు, అది పెద్దది. ఐదు సెంట్ల నికెల్ దానికంటే చిన్నది. బాగానే ఉందా? పది సెంట్ల డైము మాత్రం నికెల్ కంటే కూడా చిన్నది! పైగా నాణెం మీద అంకె వెయ్యరు, అక్షరాల్లో రాస్తారు. ఒక పదకొండేళ్ళ పిల్లాడికి డెబ్బై ఐదు సెంట్లు తిరిగివ్వాలి. క్వార్టర్లు అయిపోయాయి. ఏడు డైములు, ఒక నికెల్ ఇవ్వాల్సింది పోయి, పెద్దదే పదనుకుని ఏడు నికెళ్ళు, ఒక డైము ఇచ్చాను. వాడు అక్కడే బల్లమీద పరిచి పైకి లెక్కపెట్టాడు. "ఇవి నలభై ఐదే" అన్నాడు. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను మళ్ళీ తడబడ్డాను. వరస పెరిగిపోయింది.

ఆ వరసలో నాలుగోవాడు మావాడే. వాడి ముఖం ఎర్రబడిపోయింది. నేను చూస్తుండగానే వరసలోంచి తప్పుకుని, ఏమీ కొనుక్కోకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి వస్తుంటే కారులో చాలాసేపు మాట్లాడలేదు. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మా, ఈసారి నాన్నని వెళ్ళమను" అన్నాడు.

మీలో తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. ఎవరెన్ని అన్నా పడతాం గానీ, కన్నబిడ్డ మనల్ని చూసి సిగ్గుపడితే ఎలా ఉంటుందో! ఆ రాత్రి 150 డాలర్లు పోతే పోయాయి, ఇంక వెళ్ళనని నిశ్చయించుకున్నాను.

మాకు శనివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇండియాలో ఆదివారం పొద్దున్న ఆరున్నర. అమ్మానాన్నలకు ఫోన్ చేసే వేళ అది. అమ్మతో చెప్పి ఏడ్చాను. పక్కన కాఫీ తాగుతూ విన్నారు కాబోలు, నాన్న ఫోన్ తీసుకున్నారు. నాన్నకి డెబ్బై ఆరు. అన్నయ్య కొన్నాళ్ళు చూసుకున్నాడు గానీ కొట్టు నడవలేదు, 2011లో మూసేశారు. అప్పట్నుంచీ నాన్న పెద్దగా మాట్లాడరు. "బాగున్నావా అమ్మా, పిల్లాడు బాగున్నాడా" అంతే. ఆ రోజు మాత్రం గొంతు మారింది.

"బోణీ ఎవరు చేశారు?" అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చెప్పాను, ఒక కాఫీ, రెండు డాలర్లు అని.

"చిల్లర ఎలా సర్దారు? విడివిడిగా గిన్నెల్లో ఉందా, అంతా ఒకచోట కలిపేశారా? ఏదీ, ఆ నాణేలు చూపించు" అన్నారు. నేను మావాడి డిబ్బీ తెచ్చి బల్లమీద పోసి ఫోన్‌లో చూపించాను. నాన్న కళ్ళద్దాలు సరిచేసుకుని చూశారు. "కంటితో చూస్తే నువ్వెలాగూ మోసపోతావు. అంచు తడిమి చూడు. రెంటికీ ఒకటేనా?" అన్నారు.

తడిమి చూశాను. నమ్మండి, డైము అంచుకి సన్నటి గాట్లున్నాయి. నికెల్ అంచు నున్నగా ఉంది. పదకొండేళ్ళుగా నాకు తెలియని సంగతి, వేల మైళ్ళ దూరాన కూర్చున్న మా నాన్న ఒక్క నిమిషంలో పట్టేశారు!

ఆ తర్వాత గంటసేపు పాఠం చెప్పారు. అవన్నీ మీకూ చెప్తాను, ఎప్పుడైనా పనికొస్తాయి. ఒకటి, కొనేవాళ్ళిచ్చిన నోటు వెంటనే పెట్టెలో వెయ్యకూడదు. చిల్లర ఇచ్చేదాకా పెట్టె మీదే కనపడేలా ఉంచాలి. అప్పుడు "నేనిచ్చింది ఇరవై" అన్న తగాదా రాదు. రెండు, తీసివేతలు చెయ్యకూడదు. సరుకు ధర దగ్గర మొదలుపెట్టి పైకి కలుపుకుంటూ పోవాలి. సరుకు మూడుంపావు, ఇచ్చింది పది. చేతిలో క్వార్టర్ పెడుతూ "మూడున్నర", ఇంకో రెండు పెడుతూ "నాలుగు", ఒక నోటు పెట్టి "ఐదు", ఐదు నోటు పెట్టి "పది". లెక్క తప్పమన్నా తప్పదు, ఎదుటివాడికీ నమ్మకం. మూడు, చిన్నపిల్లలు చిల్లర తక్కువ తెస్తే కసురుకోకూడదు. "కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ... ఆ గల్లా నీది కాదు. కొసరు ఇవ్వాలనిపిస్తే నీ పర్సులోంచి ఇవ్వు" అన్నారు.

ఆ వారమంతా రాత్రి భోజనాలయ్యాక మా బల్లమీద కొట్టు తెరిచాను. కళ్ళు మూసుకుని నాణేలు తడుముతుంటే మావాడు వచ్చి నవ్వాడు. తర్వాత వాడే కొనుక్కునేవాడయ్యాడు. "రెండు నాచోలు, ఒక హాట్‌డాగ్, మూడు మంచినీళ్ళు, ఒక క్యాండీ. ఇదిగో ఇరవై" అని హడావిడి చేసేవాడు. కావాలని చిల్లర తక్కువిచ్చి పట్టుకుంటానా లేదా అని చూసేవాడు. నాలుగో రోజుకి వాడు నన్ను ఓడించలేకపోయాడు. "సరే, నువ్వే వెళ్ళు. కానీ నా ఫ్రెండ్స్ ముందు నన్ను బుజ్జీ అనొద్దు" అని షరతు పెట్టాడు. ఒప్పుకున్నాను.

రెండో డ్యూటీ మే నెలలో. ఈసారి ఇంటి నుంచి నాలుగు చిన్న గిన్నెలు తీసుకెళ్ళాను. ఆవిడ "ఇది బాగుందే" అంది. ఆ రోజు ఏ తడబాటూ లేదు. కొట్లో కూర్చుంటే ఎన్ని తెలుస్తాయో! ఎవరో "పికిల్" అడిగితే మన ఆవకాయనుకునేరు, ఉప్పునీళ్ళలో ఊరేసిన నిండు దోసకాయ అది. పిల్లలు దాన్ని జాంకాయలా కొరుక్కు తింటారు. పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకుని పొట్టు ఊస్తుంటారు, పెద్ద ఆటగాళ్ళని చూసి. బంతి ఆవరణ దాటి బయట పడితే, తెచ్చి మా కిటికీలో ఇచ్చిన పిల్లాడికి ఒక చాక్లెట్ ఊరికే ఇవ్వాలి. ఆ ఒక్క చాక్లెట్ కోసం చిన్నపిల్లలు కంచె బయట కాపలా కాస్తుంటారు. కొసరు కోసం మా కొట్టు ముందు నిలబడే పిల్లలు గుర్తొచ్చారు.

ఒక బుడతడు క్యాండీకి డెబ్బై ఐదు సెంట్లు ఇవ్వాల్సింది యాభై తెచ్చాడు. వాడి పెదవి వణుకుతోంది. నా పర్సులోంచి ఒక క్వార్టర్ తీసి, వాడు చూస్తుండగా డబ్బాలో వేశాను. సాయంత్రం ఇద్దరం కూర్చుని లెక్క చూసి సంతకాలు పెట్టాలి. ఒక్క సెంటు తేడా రాలేదు. ఆ రాత్రి నాన్నకి అదే మొదట చెప్పాను. "ఊఁ" అన్నారు. కానీ అమ్మ తర్వాత చెప్పింది, ఆ రోజు టిఫిన్ తింటూ పక్కింటాయనకి కూడా చెప్పారట.

మూడో డ్యూటీ జూన్‌లో, సీజను ఆఖరి శనివారం. మూడు మైదానాల్లోనూ ఆటలు. జనం తిరునాళ్ళలా ఉన్నారు. కాస్త సందు దొరికినప్పుడు ఆవిడ ఒక కథ చెప్పింది. మా రాష్ట్రంలోనే హోబోకెన్ అనే ఊళ్ళో మరియా పెపే అనే అమ్మాయి ఉండేది. బంతి బాగా విసిరేది. 1972లో పన్నెండేళ్ళప్పుడు లిటిల్ లీగ్ జట్టులో చేరి మూడు ఆటలు ఆడింది. అమ్మాయిలు ఆడకూడదు, ఆడిస్తే మీ ఊరి లీగ్‌కి గుర్తింపు తీసేస్తామని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఆ పిల్ల తప్పుకోవాల్సి వచ్చింది. స్త్రీల హక్కుల సంస్థ ఒకటి కేసు వేసింది. 1973లో ఆ కేసు విన్న సిల్వియా ప్రెస్లర్ అనే ఆవిడ అమ్మాయిల పక్షాన తీర్పిచ్చింది. 1974లో లిటిల్ లీగ్ నిబంధన మార్చుకుంది. దేశంలో అమ్మాయిలందరికీ తలుపు తెరుచుకుంది. కానీ మరియాకి? అప్పటికి వయసు దాటిపోయింది. ఆ లీగులో ఇంక ఆడలేదు.

"ఆ అమ్మాయి ఈడుదాన్నే కాస్త అటూ ఇటూగా. మా అన్నదమ్ములు ఆడుతుంటే కంచె బయట నిలబడి చూసేదాన్ని. అందుకే ఈ కంచె లోపల ఎక్కడైనా సరే, ఏదో ఒక పని చేస్తూ ఉండాలనిపిస్తుంది నాకు" అంది ఆవిడ.

నేనేమీ మాట్లాడలేకపోయాను. నాకు తెర కనిపించింది. మా ఇంటి తెర.

అంతలో మధ్యాహ్నం ఒంటిగంటకి ట్యాబ్లెట్ ఆగిపోయింది. ఎంత నొక్కినా పలకదు. కార్డులు లేవు, కూడికలు లేవు. కిటికీ ముందు ముప్ఫైమంది. సహాయానికి వచ్చిన ఒక నాన్న ఫోన్‌లో కూడబోయి రెండుసార్లు తప్పి చెమటలు కక్కాడు. "డబ్బిచ్చేవాళ్ళు ఈ వరసలో రండి" అన్నాను నేను. నా గొంతేనా అనిపించింది! ధరల పట్టిక నాకు కంఠతా వచ్చు. రెండు నాచోలు ఎనిమిది, హాట్‌డాగ్ మూడు, నీళ్ళు మూడు, క్యాండీ ముప్పావు... పద్నాలుగు డెబ్బై ఐదు. ఇదిగో క్వార్టర్, పదిహేను. ఇదిగో ఐదు, ఇరవై. తర్వాత! కార్డు తప్ప డబ్బు లేనివాళ్ళు పక్కవాళ్ళ దగ్గర బదులు తీసుకుని మరీ వచ్చారు. నలభై నిమిషాలు తల ఎత్తలేదు. లెక్క నా నోట్లో ఇంగ్లీషులో, మనసులో తెలుగులో నడిచింది. ఎక్కాలు ఏ దేశమెళ్ళినా తెలుగులోనే వస్తాయి కాబోలు!

మధ్యలో మైదానంలో పెద్ద కేక వినిపించింది. మా కిటికీలోంచి మైదానం కనపడదు, స్కోరుబోర్డు వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆట సంగతి చప్పుళ్ళని బట్టి తెలుసుకోవాల్సిందే. అల్యూమినియం కర్రకి బంతి తగిలి ఠంగున మోగింది. ఎవరో బాగా కొట్టారనుకున్నాను. ఎవరో కాదు, మావాడే! సీజను మొత్తంలో వాడు కొట్టిన మొదటి దెబ్బ అది. నేను చూడలేదు.

ఆట అయ్యాక వాడు వచ్చాడు. మోకాళ్ళ నిండా మట్టి. "అమ్మా" అని పక్క తలుపులోంచి రావచ్చు. రాలేదు. వరసలో నిలబడ్డాడు. ముందు పదిమంది ఉన్నారు. పదిమందీ అయ్యేదాకా నిలబడ్డాడు. పక్కనున్న స్నేహితుడు ట్యాబ్లెట్ ఏదని అడిగితే, "మా అమ్మకి అక్కర్లేదు" అన్నాడు. నాకు వినపడాలని అన్నాడో లేదో తెలియదు. వాడి వంతు వచ్చాక ఐదు డాలర్ల నోటు పెట్టి, "ఒక పాప్‌కార్న్. నేను కొట్టాను, తెలుసా?" అన్నాడు. "విన్నాను" అన్నాను. నోటు పెట్టె మీదే ఉంచి, చేతిలో చిల్లర లెక్కపెట్టాను. "మూడు, నాలుగు, ఐదు." వాడి అరచేతికి అంటిన మట్టి నా వేళ్ళకీ అంటింది.

ఆ రాత్రి నాన్నకి అంతా చెప్పాను. ట్యాబ్లెట్ ఆగడం, జనం, కూడికలు, ఆఖరికి తేడా రాకపోవడం. మరియా పెపే సంగతి కూడా చెప్పాను. చెప్పి, ముప్ఫై ఏళ్ళుగా అడగని మాట అడిగేశాను. "నాన్నా, నాకు లెక్క వచ్చని మీకు తెలుసు కదా. మరి నన్నెందుకు కూర్చోనివ్వలేదు?"

చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమోననుకున్నాను.

"తెలుసమ్మా. తెర వెనక నుంచి నువ్వు అందించేది నాకు వినపడేది. అన్నయ్యకి నువ్వు చెప్తున్నావని తెలిసే ఊరుకునేవాణ్ణి. నలుగురికీ భయపడ్డాను. ఆ నలుగురిలో ఒక్కడైనా మన కొట్టు మూసేసిన రోజు రాలేదు" అన్నారు.

అంతకుమించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. నాన్న మీద నాకు కోపం లేదనను. ఉండేది. ఆ మాటతో అంతా పోయిందని కూడా అనను. కానీ వినపడేదన్నారు చూశారా, అది నాకు చాలు. నేను గాలిలోకి అందించలేదన్నమాట.

లీగ్ వాళ్ళు చెక్కు తిరిగిచ్చారు. అయినా 2025లో మూడు డ్యూటీలు కాక ఇంకో నాలుగు అడిగి వేయించుకున్నాను. కొత్తగా వచ్చే తల్లులకి నికెల్, డైము అంచులు తడిమి చూపించేది ఇప్పుడు నేనే.

మీలో చాలామంది ఇళ్ళల్లో కొట్టు ఉండకపోవచ్చు. కానీ ఏదో ఒక తెర ఉంటుంది. మీ అమ్మాయి ఆ వెనక నుంచి ఏదో అందిస్తూనే ఉంటుంది. వినపడుతోందా? వినపడితే ఊరుకోకండి. తెర తీసి, ఒక్క పూట గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి. తప్పులు లెక్కపెడితే పెట్టనివ్వండి. నాలుగు నాణేలు తడిమితే అదే వస్తుంది.

అన్నట్టు, ఇప్పుడు సీజనులో ఆదివారం పొద్దున్న ఫోన్ నేను చెయ్యక్కర్లేదు. ఆరున్నర కాకుండానే నాన్నే చేస్తారు. బాగున్నావా అని కూడా అడగరు. మొదటి మాటే, "ఇవాళ బోణీ ఎవరమ్మా?"